గాలికొచ్చిందా, లారీలో వచ్చిందా

సత్యరాజు గారు పాలు పోయించుకునేటప్పుడు చూడాలి మీరు. పాలవాడు కొలతగిన్నె వంచుతుంటే ఆయన చూపు గిన్నె మీద ఉండదు, పాలవాడి బొటనవేలి మీద ఉంటుంది. వేలు గిన్నెలోకి ఎంత దిగితే అంత మేర పాలు తగ్గినట్టే కదా అని ఆయన అనుమానం. ఇరవై ఏళ్లుగా అదే పాలవాడు, అదే చూపు. ఒకసారి వాడికే విసుగొచ్చి, "సారూ, రేపటి సంది వేలు కోసి ఇంట్ల పెట్టొస్తనా?" అని అడిగాడు.

"పెట్టొచ్చినా ఇంకో తొమ్మిదుంటాయి కదయ్యా," అన్నారు ఈయన.

అలాంటి మనిషి నాకు దోస్తు. నా పేరు లింగం. పటాన్‌చెరు చేపల మార్కెట్టు నుంచి ఇస్నాపూర్, రుద్రారం హోటళ్లకు ట్రాలీ ఆటోలో చేపల పెట్టెలు దించుతుంటాను. చదువు నన్ను ఇంటర్‌లోనే వదిలేసిందని మావాళ్లు అంటారు. అబద్ధం. నేనే దాన్ని వదిలాను. పట్టుకునే ఉంటే ఈపాటికి కలెక్టరునై సంగారెడ్డిలో కూర్చుని మీ అందరినీ ఆఫీసు చుట్టూ తిప్పేవాణ్ణి. నేను చెప్పే కథలు హైవే పొడుగునా ఫేమస్. ఒక వానాకాలం ముత్తంగి దగ్గర నా ట్రాలీలోంచి ఒక కొరమీను వరదనీళ్లలోకి దూకి, ఈదుకుంటూ పోయి, నాకంటే పావుగంట ముందే హోటల్ వంటింటి గడప దగ్గర కూర్చుంది. ఈ సంగతి చెప్తే అందరూ నవ్వారు. సత్యరాజు గారు మాత్రం నవ్వకుండా, "ఎన్ని గంటలకు? ఇంకెవరు చూశారు?" అని అడిగారు. ఆ రోజు నుంచి నాకు ఆయనంటే గౌరవం. అంత శ్రద్ధగా నా మాట విన్నవాడు అంతకుముందు లేడు.

ఆయనది కాకినాడ అవతల, సముద్రం ఒడ్డున ఊరు. ఎనభై ఆరులో ఇక్కడి సర్కారు ప్లాంటులో ఉద్యోగం వచ్చి, పెళ్లాం లీలమ్మ గారిని, ఒక ట్రంకు పెట్టెను వెంటబెట్టుకొని వచ్చారు. తనిఖీ విభాగంలో పని. తయారైన ప్రతి వస్తువూ ఆయన చేతికి రావాలి. బాగుంటే పచ్చ చీటీ, పనికిరాకపోతే ఎర్ర చీటీ, ఏదీ తేలకపోతే పసుపు చీటీ కట్టేవారు. పసుపు చీటీ కట్టిన వస్తువును సంగతి తేలేదాకా మేనేజరు కూడా కదిలించకూడదు. రిటైరైన రోజు అందరికీ ఇచ్చినట్టే శాలువా, గోడగడియారం ఇచ్చారట. ఈయన వాటితో పాటు మూడు రంగుల చీటీల కట్ట ఒకటి అడిగి మరీ తెచ్చుకున్నారు. ఇంట్లో గ్యాస్ బండకు పచ్చ చీటీ, కొత్త మిక్సీకి పసుపు చీటీ.

"నలభై ఏళ్ల కాపురం బాబూ," అంటారు లీలమ్మ గారు టీ ఇస్తూ. "నాకింకా పచ్చ చీటీ పడలేదు."

"ఎర్రది పడలేదు కదా, సంతోషించు," అంటారు ఈయన.

ఇంత అనుమానం ఉన్న మనిషికి పిట్టల పిచ్చి ఎలా పట్టిందో తెలియదు. ముప్పై ఏళ్లుగా ఒక పెద్ద నోటుబుక్కు నింపుతున్నారు. పిట్ట పేరు, తేదీ, గంట, ఎండ ఎటు ఉంది, ఎంత దూరం, తోడు ఎవరు చూశారు, అన్నీ రాయాలి. తోడు ఉన్నవాడితో ముందు మాట్లాడకూడదు. ఇద్దరూ చెరో మూల కూర్చుని, చూసింది చూసినట్టు రాసుకున్నాకే నోరు విప్పాలి. "ముందే మాట్లాడుకుంటే నాలుగు కళ్లు రెండైపోతాయిరా," అంటారు. అలా రెండు వందల పదకొండు పిట్టలు ఎక్కాయి. జిల్లాలో పిట్టలు చూసేవాళ్లకు ఫోన్‌లో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఈయన పంపిన పిట్టను ఇంతవరకు ఒక్కసారి కూడా తిప్పి పంపలేదు. శాలువా బీరువాలో ముక్కిపోతున్నా పట్టించుకోరు గానీ, ఈ పేరు మాత్రం ఆయనకు ప్రాణం.

మా దగ్గర పిట్టలు చూడటం అంత సులువేమీ కాదు. చెరువుకు ఒక పక్క ఫార్మా కంపెనీ గోడ ఉంటుంది. బైనాక్యులర్స్ ఎత్తామంటే సెక్యూరిటీవాడు ఉరికి వస్తాడు. జిన్నారం దిక్కు ఒకసారి బీహార్ నుంచి వచ్చిన వాడొకడు లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఏయ్, క్యా దేఖ్ రహే హో? పొల్యూషన్ ఆఫీస్ సే ఆయే క్యా?"

మమ్మల్ని పొల్యూషన్ ఆఫీసు వాళ్లనుకున్నాడు. నేను ట్రాలీ స్టార్ట్ చేయబోయాను. సత్యరాజు గారు కదల్లేదు. వాడి మెడలో వేలాడుతున్న కార్డునే చూస్తున్నారు. చూసి చూసి, "ఈ ఫొటోలో చెవికి పోగుంది. నీకు చెవే కుట్టలేదు. ఎవరిదయ్యా ఈ కార్డు?" అంటూ ఫొటో మీద వేలు పెట్టారు. నేను హిందీలోకి మార్చి చెప్పేలోపే వాడు కార్డు చొక్కాలోకి దోపుకుని, గోడ వెంట మాయమైపోయాడు.

ఇంతకీ అసలు సంగతి. అక్టోబరు చివర్లో కాకినాడ దిక్కున తుఫాను ఒడ్డు దాటింది. ఇక్కడ కూడా రెండు రోజులు ఒకటే వాన. ఆయన నుంచి ఫోన్.

"లింగం, ఖాళీగా ఉన్నావా?"

"ఖాళీనా! ఊపిరి పీల్సుకోనీకి టైం లేదు సారూ," అన్నాను.

"చెరువుల మీద ఓ కన్నెయ్యి. సముద్రం మధ్యలో తిరిగే పిట్టలు తుఫాను గాలికి ఇంత దూరం కొట్టుకొస్తాయి. వీపు కారునలుపు, పొట్ట తెలుపు, తోక కత్తెర. మా రేవులో కత్తెరపిట్ట అనేవాళ్లం. పద్నాలుగేళ్లప్పుడు మా నాన్న పడవ మీద ఒక్కసారి చూశాను. ఒడ్డు కనపడనంత దూరం పోతే గానీ కనపడదది."

ఏ తుఫాను వచ్చినా గొడుగేసుకుని చెరువుల చుట్టూ తిరగడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. ఒక్కసారీ దొరకలేదు. ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి, అందుకే నాకు చెప్పారు.

గురువారం పొద్దున రుద్రారం పక్క చెరువు కట్ట మీద దొరికింది. గుర్రపుడెక్క పక్కన, తడిసిన గుడ్డపేలికలా పడి ఉంది. తువ్వాలు వేసి పట్టుకుంటే నా బొటనవేలు కొరికింది. ట్రాలీలో ఉన్న థర్మాకోల్ పెట్టెలో పెట్టి, నేరుగా కాలనీలో ఆయన ఇంటికి తీసుకుపోయాను.

మూత తీయగానే ఆయన మొహం చూశాను. చెయ్యి సాచారు, ముట్టుకోలేదు, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. "లీలా, లైటెయ్యి," అన్నారు. పట్టపగలు. లీలమ్మ గారు వేశారు. నుదుటి మీద తెల్లమచ్చ, నల్లని ముక్కు. మన చెరువుల మీద తిరిగే దాని చుట్టానికి వీపు బూడిదరంగు, ముక్కు పసుపు. ఇది అది కాదు.

"మాట్లాడకు," అన్నారు నేను నోరు తెరవకముందే. "వంటింట్లో కూర్చుని రాయి. నేను ఇక్కడ రాస్తాను."

రాశాను. నేను రాయడం మొదలుపెడితే ఆపేదెవరు? 'హోటళ్లకు ఇరవై పెట్టెల సముద్రపు చేప దించి తిరిగి వస్తుండగా, ఆకాశంలో ఒక మహా పక్షి మూడు చుట్లు తిరిగి, నా ట్రాలీని గుర్తుపట్టి, ఎదురుగా వాలింది' అని రెండు పేజీలు. ఆయన దాన్ని చదవనైనా చదవలేదు. పెట్టెలో ఉన్న పిట్టకు నాలుగు ఫొటోలు తీసి, తన కాగితం, నా కాగితం కలిపి గ్రూపు చూసుకునే లక్ష్మీప్రసన్న మేడంకు పంపేశారు. పాలవాడి బొటనవేలిని ఇరవై ఏళ్లు వదలని మనిషి ఆ ఒక్క పూట అనుమానించడం మరిచిపోయారు.

మేడం రుద్రారం యూనివర్సిటీలో పాఠాలు చెప్తారు. సాయంత్రం ఫోన్ చేశారు. ఆయన స్పీకర్ పెట్టారు.

"సార్, పిట్ట సూటీ టర్నే, మీ కత్తెరపిట్టే. దాని అక్కచెల్లెళ్లలో ఒకదానికైతే తెల్లమచ్చ కనుబొమలాగ వెనక్కి పోతుంది. దీనికి కన్ను దగ్గరే ఆగింది. పిట్ట గురించి నాకు డౌట్ లేదు."

"మరి?"

"వచ్చిన తోవ గురించే డౌట్. పెట్టె మీద లంగరు బొమ్మ, కాకినాడ అని అచ్చు ఉంది. రెక్క మీద చేప పొలుసు అంటుకుని ఉంది. లింగం గారేమో సముద్రపు చేప దించి వస్తున్నానని రాశారు. అలిసిపోయిన పిట్ట కోస్తాలో లారీ మీద వాలి ఉండొచ్చు, ఎవరైనా పెట్టెలో వేసి ఉండొచ్చు. గాలికొస్తేనే లెక్క సార్. లారీలో వస్తే లెక్క కాదు. మీకు తెలియనిది కాదు."

"తెలుసమ్మా."

"ఇంకోటి సార్, మీరే చూస్తారు కాబట్టి చెప్తున్నా. గ్రూపులో ఒకాయన రాశారు, సత్యరాజు గారి బామ్మర్దిది కాకినాడలో చేపల వ్యాపారం కదా అని. పక్కన నవ్వే బొమ్మ పెట్టారు. ఆదివారంలోగా తేల్చలేకపోతే తీసేయాల్సి వస్తుంది."

ఫోన్ పెట్టేశాక ఆయన ఆ నవ్వే బొమ్మను చాలాసేపు చూశారు. తర్వాత లేచి, కట్టలోంచి ఒక పసుపు చీటీ తీసి, పిట్టను ఉంచిన బాత్రూం తలుపు గొళ్లేనికి కట్టారు. ముప్పై ఏళ్ల నోటుబుక్కులో మొదటిసారి ఒక పిట్ట ఆగింది. పిట్ట ఆగితే ఆయన బాధపడేవారు కాదేమో. ఆ ఒక్క వరసతో పైనున్న రెండు వందల పదకొండింటి మీదా బామ్మర్ది లారీ నీడ పడింది.

లోపల లీలమ్మ గారు చిన్న చేపముక్కలు చేసి దాని ముక్కుకు అందిస్తూ, "తిను తల్లీ, మనూరి దానివి," అంటున్నారు.

"ఏ ఊరిదో ఇంకా తేలలేదు," అన్నారు ఈయన. తర్వాత నా వైపు తిరిగారు. "ఏరా. నీ కొరమీను కథకు నేను సాక్షిని అడిగానే గానీ నిన్ను తిట్టలేదు. ఇప్పుడు నిజం చెప్పు. ఇది లారీలోదా?"

"అమ్మతోడు, కట్ట మీద దొరికింది సారూ."

"ఇరవై పెట్టెలు ఎక్కడ దించావు?"

"గదే... ఇస్నాపూర్‌ల."

"ఏ హోటల్?"

"రెండు మూడు హోటళ్లల్ల."

"రెండా, మూడా?"

ఆయన చూపు నా మొహం మీద లేదు, నా బొటనవేలి మీద ఉంది. "రేపు ఆరింటికి ట్రాలీ తీసుకురా. మార్కెట్టుకు పోదాం," అన్నారు. ఆ ఇంట్లో నాకు మొట్టమొదటిసారి టీ ఇవ్వలేదు.

శుక్రవారం పొద్దున మార్కెట్టులో దిగగానే ఆయన నన్ను ట్రాలీలోనే కూర్చోమన్నారు. "నువ్వు దిగొద్దు. సైగలు చేస్తావు," అన్నారు. మోకాలు పట్టుకుని నడుస్తూ బుల్లెమ్మ దగ్గరికి వెళ్లారు. బుల్లెమ్మది గోదావరి జిల్లా. మొగుడు ఇక్కడ ఫ్యాక్టరీలో చేరితే వెంట వచ్చి, సముద్రపు చేపల దుకాణం పెట్టింది. ఆవిడ ముందు బల్ల ఖాళీగా ఉంది. అంత దూరం నుంచి కూడా ఆవిడ గొంతు నాకు బాగానే వినిపించింది.

"వంజరం ఉందామ్మా?"

"ఎక్కడి వంజరమండి? బోట్లన్నీ ఒడ్డుకు కట్టేశారు కదండి. పోయిన ఆదివారం లారీయే ఆఖరు. రోడ్డు కూడా తెగిందంట, మావైపు చెరువు చేప లారీ కూడా రాలేదు. ఇక్కడి సింగూరు చేప కావాలంటే అటు చివర చూడండి."

"ఆదివారం తర్వాత ఒక్క లారీ కూడా రాలేదా?"

ఆవిడ అనుమానంగా చూసింది. "ఏమండి, అన్నిసార్లు అడుగుతున్నారు? మీరు ఏ ఆఫీసు నుంచండి?"

"ఏ ఆఫీసూ కాదమ్మా. లింగం గురువారం ఇరవై పెట్టెలు దించానన్నాడే?"

బుల్లెమ్మ నవ్వింది. మార్కెట్టు రేకులు అదిరేలా నవ్వింది. "లింగమా! అయ్యబాబోయ్! నాలుగు రోజుల నుంచి ఆ ట్రాలీలో కాళ్లు బారజాపుకుని పడుకుంటున్నాడండి. బుధవారం దోమలు కుడుతున్నాయని నా గోనెసంచి అడిగి కప్పుకున్నాడు. దించాడంట, ఇరవై పెట్టెలు!"

"వాడి ట్రాలీలో లంగరు బొమ్మ పెట్టె ఒకటి ఉంది కదా?"

"మూల విరిగిందా? అది దసరా అప్పటిదండి. పారేస్తుంటే నేనే ఇచ్చాను, అన్నం గిన్నె పెట్టుకుంటాడని. కడిగి ఉండడు, ముదనష్టపోడు."

ఆయన అంతటితో వదల్లేదు. ఈ వరసకు ఒకరు, ఆ వరసకు ఒకరు చొప్పున ఇంకో ఇద్దరిని విడివిడిగా అడిగారు, ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా. ముగ్గురూ ఒకటే చెప్పారు. లారీ లేదు. లింగానికి పని లేదు.

తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నారు.

"పని లేదని చెప్పడానికి నోరు రాలేదట్రా?"

"ఎట్ల చెప్తా సారూ? రుద్రారం దాకా నా ట్రాలీ ఎన్నడు ఆగదని చెప్పుకున్న. నాలుగు దినాలైంది, ఒక్క పెట్టె లేదు. ఇంట్ల కూసోలేక పొద్దున్నే యూనిఫాం ఏసుకొని కట్టకాడికి పోయి కూసున్న. గప్పుడు దొరికింది."

"నీ ఇరవై పెట్టెల కింద పడి నా పిట్ట చచ్చేదిరా."

"నాకేమెరుక సారూ, పెట్టెలతోని గింత పని అయితదని."

"ఈ మాట రాస్తావా?"

అడిగింది సాయం చేయమన్నట్టు కాదు. పచ్చదో ఎర్రదో తేల్చడానికి వస్తువును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నట్టు అడిగారు. నా కాగితం గ్రూపులో అందరూ చదువుతారు. అందులో సగం మంది నేను చేపలు దించే హోటళ్లలోనే తింటారు.

ఆ వంటింట్లోనే మళ్లీ కూర్చున్నాను. ముందు రోజు రెండు పేజీలు టీ చల్లారకముందే రాసినవాణ్ణి, ఈసారి ఎనిమిది వరసలకు మధ్యాహ్నం దాకా పట్టింది. లీలమ్మ గారు రెండుసార్లు టీ ఇచ్చారు. రాసింది ఇది:

'గురువారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. వాన తగ్గింది. రుద్రారం పక్క చెరువు కట్ట మీద కూర్చుని ఉన్నాను. నాకు ఆ రోజు పని లేదు. ఆదివారం నుంచి లేదు. పిట్ట ఎగరడం నేను చూడలేదు. చూసేసరికే నేల మీద ఉంది. పట్టుకుంటే కొరికింది. కడగని పాత చేపల పెట్టెలో పెట్టాను. ఇరవై పెట్టెలని ముందు రాసింది అబద్ధం.'

శనివారం మేడం స్వయంగా వచ్చారు. ముందు బాత్రూంలో పిట్టను చూశారు, తర్వాత నా కాగితం చదివారు. అంతటితో ఊరుకుంటే ఆవిడ సత్యరాజు గారి గ్రూపు మనిషెలా అవుతారు? మార్కెట్టు వాళ్ల ముగ్గురికీ తానే ఫోన్ చేశారు. ఆఖరికి నావైపు చూశారు.

"మీ మొదటి కాగితం చాలా బాగుంది లింగం గారూ. ఇది చప్పగా ఉంది. అందుకే నమ్ముతున్నా."

ఆమె అక్కడే కూర్చుని గ్రూపులో పెట్టారు: తుఫాను గాలికి వచ్చిన పిట్ట, రుజువైంది. నవ్వే బొమ్మ పెట్టిన ఆయన దాన్ని చెరిపేసి చప్పట్ల బొమ్మ పెట్టాడు. సత్యరాజు గారు నోటుబుక్కు తీసి రెండు వందల పన్నెండో వరసలో రాశారు. తోడు చూసినవారు అనే గడి దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత నా పేరు రాశారు. ఇంటి పేరుతో సహా. గొళ్లేనికి ఉన్న పసుపు చీటీ విప్పి, పచ్చది కట్టారు. పసుపుదాన్ని మడిచి జేబులో వేసుకున్నారు. ఆయన ఏదీ పారేయరు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక సత్యరాజు గారు, పిట్టను దొరికిన చోటే వదలాలని పట్టుబట్టారు. వేరేచోట వదిలితే రేపు దాని మీద ఇంకో అనుమానం వస్తుందట. కట్ట మీద ఆయనే పెట్టె మూత తీశారు. కొత్త పెట్టె, ఏ బొమ్మా లేనిది. పిట్ట కాసేపు గాలిని వాసన చూసినట్టు మెడ సాచింది. తర్వాత లేచింది. చెరువు మీద ఒక చుట్టు, ఇంకో చుట్టు తిరిగి, కంపెనీ చిమ్నీ మీదుగా తూర్పుకు పోయి, పొగ అవతల కనపడకుండా పోయింది. లీలమ్మ గారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆయన గడియారం చూసుకుని గంట రాసుకున్నారు.

"సారూ," అన్నాను. "చిమ్నీ దాటినంక కూడ నాకు కనబడ్డది. చక్కగ హైదరాబాద్ మీదికెల్లి పోయింది. సాయంత్రానికల్లా మీ రేవుల ఉంటది."

"చిమ్నీ దాటాక కనపడిందా?"

"మంచిగ కనబడ్డది. వెనక్కి మర్లి మీ దిక్కు ఒకసారి సూసింది గూడ."

నేను పెట్టె సర్దుతుంటే ఆయన ట్రాలీ ముందుకు వెళ్లి ఏదో చేసి వచ్చారు. ఎక్కి కూర్చున్నాక చూశాను. అద్దానికి పసుపు చీటీ వేలాడుతోంది.

"ఇదేంది సారూ?"

"మనం చూసింది చిమ్నీ దాకానే," అన్నారు ఆయన నా పక్కకు ఎక్కుతూ. "అది తేలేదాకా విప్పకు."